చింతపిక్కలు, గవ్వలు, మా చిన్నాడి చేతిరాత

ఈ రోజుల్లో చింతపిక్కలు దాచుకునేవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలీదు గానీ, మా ఇంట్లో ఒక హార్లిక్స్ సీసా నిండా ఉన్నాయి. అమలాపురం దగ్గర మా అత్తయ్యగారి ఊళ్ళో కొత్త చింతపండు కొట్టించినప్పుడల్లా ఆవిడ పుచ్చినవీ పగిలినవీ ఏరి పారేసి, నునుపుగా ఉన్నవి కడిగి, ఎండబెట్టి, సంచిలో వేసి తెస్తారు. "ఎందుకత్తయ్యా ఇవన్నీ" అంటే "పడుండనీ, తిండి అడుగుతాయా ఏంటి" అంటారు. గత జూలై నుంచి మా ఇంట్లో ఆ సీసాకి ఉన్న డిమాండ్ ఏ పచ్చడి సీసాకీ లేదు.

మా చిన్నాడు నాలుగో తరగతి. యూనిట్ టెస్టు అయ్యాక పేరెంట్స్ మీటింగుకి వెళ్తే వాళ్ళ టీచర్ పేపర్లు ముందు పెట్టి ఒక మాట అన్నారు. "మీవాడికి అన్నీ వచ్చండీ. నోటితో అడిగితే చెప్తాడు. పేపరు మీదకే రావు." చూస్తే సగం పేపరు ఖాళీ. రాసిన సగంలో అక్షరాలు మొదట్లో బానే ఉన్నాయి, పది లైన్లు దాటేసరికి ఒక్కొక్కటీ బూరెంత అయ్యి గీత దాటి కిందికి జారిపోయాయి. ఇంటికొచ్చి వాడు రాస్తుంటే పక్కన కూర్చుని చూశాను. పెన్సిల్ని పిడికిలి బిగించి పట్టుకుంటాడు, మొన విరిగేదాకా నొక్కుతాడు, పావుగంటకి చెయ్యి విదిలించుకుంటాడు. ఆ చేతికి చొక్కా గుండీలు పెట్టుకోవడమూ కష్టమే, బూట్ల లేసులు ఇప్పటికీ నేనే కట్టాలి.

అది ఒక సంగతి. రెండోది నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టింది. కొన్ని ప్రశ్నల దగ్గర టైమున్నా కూడా వదిలేశాడట. "ఎందుకు నాన్నా, అది నీకు తెలుసు కదా" అంటే "తప్పయితే?" అన్నాడు. అంతే. తొమ్మిదేళ్ళవాడు తప్పయితే అని భయపడి కాగితం తెల్లగా ఉంచేస్తున్నాడు.

ముందు కళ్ళ పరీక్ష చేయించాం, బానే ఉన్నాయన్నారు. పిల్లల డాక్టరుగారు చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, గుండీలు పెట్టించి, బంతి పట్టించి, "జబ్బేం లేదమ్మా, వేళ్ళకి పని లేదు" అన్నారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, పిల్లవాడికి నిజంగానే చేతుల్లోనో చూపులోనో ఇబ్బంది ఉంటే దానికి డాక్టర్లున్నారు, ఆక్యుపేషనల్ థెరపీ అని ఉంది. అచ్చంగిల్లాలు ఆడిస్తే అన్నీ సర్దుకుంటాయని నేను చెప్పను. మా విషయంలో డాక్టరుగారు ఆ మాట అన్నాకే నేను మావారితో గట్టిగా మాట్లాడగలిగాను. ఆయన అప్పటికే హ్యాండ్‌రైటింగ్ కోచింగ్ సెంటర్ ఫీజు కనుక్కుని వచ్చారు, రోజూ సాయంత్రం గంటసేపట. స్కూల్లో ఆరు గంటలు కూర్చుని వచ్చినవాణ్ణి మళ్ళీ కూర్చోబెట్టడమే. "దసరా సెలవులు అయ్యేదాకా వాణ్ణి నాకొదిలెయ్యండి, అప్పటికీ మారకపోతే మీ ఇష్టం" అన్నాను.

వేళ్ళకి పని అంటే మా అత్తయ్యగారికి మొదట గుర్తొచ్చింది అచ్చంగిల్లాలు. పెరట్లోంచి ఏరుకొచ్చిన ఐదు గుండ్రాళ్ళు. కింద చల్లి, ఒకటి పైకెగరేసి, అది కిందికి వచ్చేలోపు కింద ఉన్నది ఒకటి తీసి, పైనుంచి వచ్చేదాన్ని అదే చేత్తో పట్టుకోవాలి. తర్వాత రెండేసి, తర్వాత మూడూ ఒకటీ, ఆపైన నాలుగూ ఒక్క ఊపులో. చిన్నప్పుడు మనమందరం ఆడినదే, ఎప్పుడూ ఆలోచించలేదు గానీ ఆ చెయ్యి ఏం చేస్తుందో ఒకసారి చూడండి. ఇప్పటికే తీసిన రాళ్ళని చిటికెనవేలూ ఉంగరపువేలూ అరచేతిలో పట్టి ఉంచుతాయి. బొటనవేలూ చూపుడువేలూ మధ్యవేలూ కొత్తదాన్ని తీస్తాయి. రెండు వేళ్ళు కదలకుండా ఉండి మూడు వేళ్ళు పనిచెయ్యడం. పెన్సిల్ పట్టుకోవడం కూడా అచ్చంగా అదే కదండీ! మా చిన్నాడి బాధల్లా ఐదు వేళ్ళూ కలిసి ఒకే పని చెయ్యబోవడం. మొదటి వారం తీసిన రాయి కాస్తా జారిపోయేది. కళ్ళేమో పైనున్న రాయి మీద ఉండాలి, చెయ్యేమో చూడకుండా కింద వెతుక్కోవాలి. ఎంత ఎత్తుకి ఎగరేస్తే ఎంత వ్యవధి దొరుకుతుందో నోటితో ఎవరూ చెప్పలేరు, చేతికే తెలియాలి.

మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి, 1946 దాకా మన దేశంలోనే ఉండి టీచర్లకి శిక్షణ ఇచ్చారు. పిల్లలకి రాత నేర్పే ముందు చేతిని రాతకి సిద్ధం చెయ్యాలన్నది ఆవిడ పద్ధతిలో ముఖ్యమైన సంగతి. చిన్న చిన్న పిడులున్న చెక్క స్తూపాలు, వాటిని మూడు వేళ్ళతో పట్టుకుని తీసి, సరిపోయే గుంటలో పెట్టాలి. ఆ పెట్టె ఇప్పుడు ప్లే స్కూళ్ళలో బోలెడు ఖరీదు. మన అమ్మమ్మలు అదే మూడు వేళ్ళకి గుండ్రాళ్ళతో పని చెప్పారు, పైసా ఖర్చు లేకుండా.

"అవి ఆడపిల్లల ఆటలే" అన్నారు మావారు, నవ్వుతూనే. మా అత్తయ్యగారు ఊరుకోలేదు. "అందుకే నీ చేతిరాత కన్నా నీ చెల్లెలి చేతిరాత బావుండేది" అన్నారు. ఆ మాట ఎంతవరకు నిజమో గానీ, నాకు ఇందులో ఒక సంగతి తోచింది. మగపిల్లలకి వీధి ఇచ్చాం, గోళీలు, బొంగరం, కర్రాబిళ్ళ. ఆడపిల్లలకి అరుగు ఇచ్చాం, అచ్చంగిల్లాలు, గవ్వలు, వామనగుంటలు. ఇప్పుడు మగపిల్లలకి వీధీ లేదు, ఆడపిల్లలకి అరుగూ లేదు. అపార్టుమెంటులో ఉన్న ఒక్క వరండాని ఇద్దరూ పంచుకోవలసిందే. మా ఎదురింటి పాపకి ఏటికొప్పాక లక్క బొంగరం కొనిచ్చాను. మూడు రోజుల్లో తాడు చుట్టడం నేర్చుకుంది. వదులుగా చుడితే తిరగదు, మరీ బిగిస్తే వదలదు. ఆ బిగువు తెలియడానికే మూడు రోజులు పట్టింది.

ఇంక వామనగుంటలు. మా ఇంట్లో ఉన్నది మడత చెక్క, ఏడూ ఏడూ పద్నాలుగు గుంటలు. గుంటకి ఐదు చొప్పున డెబ్భై పిక్కలు. ఒక గుంటలోవి తీసి, పక్క గుంటలనుంచి ఒక్కొక్కటీ వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోయాక తర్వాతి గుంటలోవి తీసి మళ్ళీ వెయ్యాలి. తియ్యబోయే గుంట ఖాళీగా ఉంటే దాన్ని చేత్తో తుడిచి, ఆ పక్క గుంటలో ఉన్నవి గెలుచుకుంటాం. అక్కడితో ఎదుటివాళ్ళ వంతు. కొన్ని ఊళ్ళల్లో వేరే లెక్కలున్నాయి, ఇది మా అత్తయ్యగారి లెక్క.

మొదటి పది రోజులు వాడు తోచిన గుంట తీసి ఆడేవాడు. ఎన్ని వస్తే అన్ని, అంతా అదృష్టం అనుకునేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి "అమ్మా, ఫస్ట్ ఆట ఎవరు ఏ గుంట తీసినా ఏడే వస్తున్నాయి" అన్నాడు. నేను నమ్మలేదు. వేసి చూశాను. ఏడే. ఇంకో గుంట నుంచి వేశాను. ఏడే. పద్నాలుగు గుంటల్లోనూ సమానంగా ఐదేసి ఉన్నప్పుడు ఎక్కడ మొదలుపెట్టినా ఒకటే దారి అని మా పెద్దాడు, ఇంటర్ చదువుతున్నవాడు, తర్వాత వివరంగా చెప్పాడు. మీరూ వేసి చూడండి. చిన్నాడికి ఆ వివరం అక్కర్లేకపోయింది. ఇది అదృష్టం కాదని, ముందే లెక్కపెట్టుకోవచ్చని వాడికి తెలిసింది. ఆ సాయంత్రం నుంచి చెయ్యి గుంటలో పెట్టే ముందు ఆగడం మొదలుపెట్టాడు. పెదాలు కదుపుతూ, కళ్ళతోనే పిక్కలు పంచుకుంటూ, "ఇది తీస్తే అక్కడ ఆగుతుంది, అక్కడ రెండే ఉన్నాయి, వద్దు" అని గొణుక్కోవడం. గుణకారం ఎక్కం అప్పజెప్పమంటే పారిపోయేవాడే ఇతగాడు.

అష్టాచెమ్మాలో అదృష్టం ఎక్కువ, కాబట్టి ఆలోచన తక్కువ అనుకుంటాం. అలా ఏం కాదు. ఐదూ ఐదూ ఇరవై ఐదు గళ్ళు, నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. పందెం ఎంత పడుతుందో మన చేతిలో లేదు గానీ, ఏ కాయ నడపాలో మన చేతిలోనే ఉంది. మూడు పడితే ముందున్న కాయని గీతలున్న గడిలోకి చేర్చి కాపాడుకోవాలా, వెనక కాయతో ఎదుటివాళ్ళని చంపాలా. ఎవర్నీ చంపకుండా లోపలి వరుసకి పోనివ్వరు కదా మరి. మా పెద్దాడు వాళ్ళ తమ్ముడికి ఒక లెక్క చూపించాడు. నాలుగు గవ్వలూ పడటానికి మొత్తం పదహారు తీరులున్నాయట. అందులో రెండు పడే తీరులు ఆరు, ఒకటికి నాలుగు, మూడుకి నాలుగు, చెమ్మకి ఒక్కటి, అష్టకి ఒక్కటి. గవ్వ రూపాయి బిళ్ళ కాదు, దాని వీపు గుండ్రం, కాబట్టి ఖచ్చితంగా ఆ లెక్కనే పడదు. అయినా మనవాడికి కావలసింది దొరికింది. "నా వెనక రెండు గళ్ళ దూరంలో నాన్నమ్మ కాయ ఉంటే డేంజర్" అని తేల్చేసుకున్నాడు. వైకుంఠపాళి మాత్రం నేను పెద్దగా ఆడించలేదు. పడినంత నడవడమే, నిచ్చెనో పామో ఏదొస్తే అది. వాన రోజున కాలక్షేపానికి బానే ఉంటుంది. ఓడిపోతే ఎందుకు ఓడిపోయామో అడగడానికి అందులో ఏమీ లేదు.

నా అభిప్రాయంలో వాడి "తప్పయితే?" అన్న భయానికి మందు పులి–మేక ఆటలో దొరికింది. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవై మూడు చోట్లు. పాత గుళ్ళ మండపాల్లో నేల మీద ఆ ముగ్గు చెక్కి ఉండటం మీరూ చూసే ఉంటారు. పులి మేక మీదుగా అవతలి ఖాళీ చోటుకి దూకితే మేక పోతుంది. పులులన్నిటికీ కదలడానికి చోటు లేకుండా చేస్తే మేకలు గెలిచినట్టు. గవ్వలు లేవు, పాచికలు లేవు, అదృష్టం మీదికి తోసెయ్యడానికేం లేదు. వాడు మొదట ఎప్పుడూ పులులే కావాలనేవాడు, చంపొచ్చు కదా అని. మేకలు ఇస్తే ఏడుపు మొహం. నాలుగు మేకలు పోగానే ముగ్గు చెరిపేసేవాడు. మా అత్తయ్యగారు కసరలేదు, బుజ్జగించనూ లేదు. "ఇంకా పదకొండు ఉన్నాయిరా, వాటికి సమాధానం చెప్పి లే" అన్నారు. మేక వెనక మేకని నిలబెడితే పులి దూకలేదని వాడే కనిపెట్టాడు. ఒక మేకని కావాలనే ఎరగా పెట్టి పులిని మూలకి లాగొచ్చని కనిపెట్టడానికి ఇంకో నెల పట్టింది. ఒకటి పోగొట్టుకుంటేనే ఆట గెలవొచ్చు అని తెలిసిన రోజున వాడి మొహం చూడాలి!

ఓడించే విషయంలో మా అత్తయ్యగారికి దయాదాక్షిణ్యాలు లేవు. "చిన్నపిల్లాడు కదా అత్తయ్యా, ఒక్కసారి వదిలెయ్యచ్చుగా" అంటే "వదిలేస్తే వాడికి తెలీదనుకున్నావా" అన్నారు. అది నిజం. పిల్లలకి తెలిసిపోతుంది. మనవాళ్ళు దీనికి ఎంత చక్కని ఏర్పాటు చేశారో చూడండి, ఆటలో అరటిపండు! మరీ చిన్నవాణ్ణి ఆటలోకి రానిస్తారు, పరుగెత్తనిస్తారు, పట్టుకున్నా దొంగ పెట్టరు. వాడు అరటిపండని అందరికీ తెలుసు, వాడికీ తెలుసు. అందులో మోసం లేదు. దొంగగా ఓడిపోవడం వేరు, చెప్పి తగ్గించుకోవడం వేరు. వామనగుంటల్లో అత్తయ్యగారు తన వైపు ఒక గుంటలో పిక్కలు వెయ్యకుండా మొదలుపెట్టేవారు, "నువ్వు వరసగా మూడు ఆటలు గెలిస్తే ఇదీ నింపుకుంటా" అని చెప్పి మరీ. ఆ గుంట నిండిన రోజున వాడు అపార్టుమెంటంతా తిరిగి చెప్పాడు.

మధ్యలో ఒక వారం ఆటలన్నీ ఆగిపోయాయి, మావారి పుణ్యమా అని. ఆయనకి ఇందులో ఉపయోగం కనిపించగానే ఉత్సాహం వచ్చేసింది. హోంవర్కుకి ముందు అచ్చంగిల్లాలు ఇరవై నిమిషాలు, తర్వాత పులి–మేక రెండు ఆటలు, ఎన్ని పట్టాడో, ఎన్ని వదిలాడో రాయడానికి ఫోన్లో ఒక పట్టిక. "ఇలా ఆడితే నీ రైటింగ్ బావుంటుంది నాన్నా" అని వాడికి ప్రేమగా వివరించారు కూడా. మర్నాటి నుంచి వాడికి చెయ్యి నొప్పి, ఎల్లుండి కడుపు నొప్పి. ఆట కాస్తా హోంవర్కు అయిపోయింది మరి. అత్తయ్యగారు ఎవరితోనూ ఏమీ అనకుండా వరండాలో చాప వేసుకుని ఎదురింటి పాపతో గవ్వలు ఆడటం మొదలుపెట్టారు. రెండో రోజు గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. మూడో రోజు "నాన్నమ్మా, నువ్వు తొండి చేశావు, అది మూడు, రెండు కాదు" అని వచ్చి కూర్చున్నాడు. ఆ పట్టిక మళ్ళీ ఎవరూ తెరవలేదు.

తొండి గురించి కూడా చెప్పాలి. ఫోన్లో లూడో ఆడితే తొండికి చోటు లేదు, పందెం అదే వేస్తుంది, లెక్క అదే పెడుతుంది, కాయ కూడా అదే నడుపుతుంది. గొడవే ఉండదు. అదే దానిలో లోపం అంటాను నేను. వరండాలో రోజుకో పంచాయితీ. గవ్వ చాప అంచు మీద నిలబడితే లెక్కా కాదా, తొక్కుడుబిళ్ళలో గీత మీద కాలు సగం పడితే ఔటా కాదా. క్లాసులో నోరు విప్పని మా చిన్నాడు ఇక్కడ సాక్ష్యాలతో సహా వాదిస్తాడు. "నిన్న పాపకి ఒప్పుకున్నావు, ఇవాళ నాకెందుకు ఒప్పుకోవు?" దీనికి జవాబు చెప్పడం పెద్దవాళ్ళకీ కష్టమే. అన్నట్టు ఆ తొక్కుడుబిళ్ళని కూడా తక్కువ చెయ్యకండి. ఒంటికాలి మీద కుంటుతూ బిళ్ళని గీత తాకకుండా తన్నడానికి నడుమూ తొడలూ గట్టిపడాలి. బెంచీ మీద కుదురుగా కూర్చుని రాయడానికీ ఆ నడుమే కావాలి. సుద్దముక్కతో గీసిన గళ్ళని వాచ్‌మన్ రోజూ కడిగేస్తున్నాడు, అది వేరే కథ.

గిజూభాయి "పగటికల" చదివారా? గుజరాత్‌లో భావ్‌నగర్‌లో బాలమందిరం నడిపినాయన. అందులో టీచరు నాలుగో తరగతి పిల్లల్ని తీసుకుని ఒక ఏడాది ప్రయోగం చేస్తాడు, పాఠాలతో కాదు, కథలతో, ఆటలతో మొదలుపెట్టి. నేను బీఏలో ఉండగా లైబ్రరీలో ఊరికే తీసి చదివిన పుస్తకం. ఇన్నేళ్ళకి మళ్ళీ గుర్తొచ్చింది, మావాడిదీ నాలుగో తరగతే కావడం వల్లనేమో. 2020 జాతీయ విద్యా విధానంలోనూ ఆటల ద్వారా చదువు అని రాశారు. 2023లో కేంద్రం మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం ఆటవస్తువులతో "జాదూయి పిటారా" అని ఒక పెట్టె కూడా తెచ్చింది. మంచిదే. మా వైపు బళ్ళల్లో మాత్రం పరీక్షలు దగ్గర పడితే గేమ్స్ పీరియడే ముందు లెక్కల పీరియడ్ అయిపోతుంది.

మీ ఇళ్ళల్లో మొదలుపెడతానంటే ఒక్క జాగ్రత్త, మూడేళ్ళలోపు పిల్లలుంటే పిక్కలూ గవ్వలూ లెక్కపెట్టి తీసి పైన పెట్టండి. నోట్లోకో ముక్కులోకో పోతాయి. కర్రాబిళ్ళ మాత్రం మైదానం ఉంటేనే, కళ్ళతో పని. ఇంకొకటి, సాయంత్రం ఆరింటికి పొయ్యి మీద కూర పెట్టి మధ్యలో వచ్చి ఒక పందెం వేసి పోవడం కుదరదు. పిల్లలు ఒప్పుకోరు. నేను కూరలు మధ్యాహ్నమే తరిగి పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

దసరా సెలవులయ్యాయి. అర్ధ సంవత్సర పరీక్షలూ అయ్యాయి. చేతిరాత ముత్యాల్లా ఏమీ అయిపోలేదు. "అక్షరాలు ఇంకా చిన్నవిగా రాయాలి" అని టీచర్ ఎర్ర సిరాతో రాశారు. పెన్సిల్ మాత్రం మూడు వేళ్ళతో పడుతున్నాడు, లేసులు తనే కట్టుకుంటున్నాడు, ఒకటి ఎప్పుడూ ఊడిపోతుంది. పేపర్లో ఖాళీలు లేవు. సోషల్‌లో ఒక ప్రశ్నకి పూర్తిగా తప్పు జవాబు పావు పేజీ రాసి వచ్చాడు. నేను ఆ పేపరు దాచుకున్నాను. కోచింగ్ మాట మావారు మళ్ళీ ఎత్తలేదు.

పోయిన ఆదివారం కింద ఫ్లాటులో కొత్తగా దిగిన పిల్లాడికీ మావాడికీ వామనగుంటల దగ్గర గొడవైంది. వాళ్ళ ఊళ్ళో ఖాళీ గుంటకి ఎదురుగా ఉన్నవి కూడా తీసుకుంటారట. ఇద్దరూ గంటసేపు అరుచుకున్నారు. తర్వాత మావాడు లోపలికొచ్చి, రూళ్ళ పుస్తకంలోంచి కాగితం చింపి, ఎవరూ చెప్పకుండా నేల మీద బోర్లా పడుకుని ఒకటిన్నర పేజీ రాశాడు. మధ్యలో చెయ్యి విదిలించుకోలేదు. "వామనగుంటల రూల్స్" అని పైన పెద్దక్షరాలు. గుంటకి రెండు చోట్ల సున్న పెట్టలేదు. మొత్తం పదకొండు రూల్స్ ఉన్నాయి. "చెయ్యి గుంటలో పెట్టాక మార్చకూడదు. కళ్ళతో ఎంతసేపైనా లెక్కపెట్టుకోవచ్చు" అన్నది నాలుగోది. చివరిది "గొడవ వస్తే మా నాన్నమ్మ చెప్పిందే ఫైనల్." ఆ కాగితం ఇప్పుడు వరండా గోడకి సెల్లోటేపుతో అంటించి ఉంది. పైవాళ్ళ పిల్లలు కూడా చదివి పోతున్నారు.